మడమ దగ్గరి కుట్టు

"మీకు సిగ్గుందా డాక్టర్ గారూ?"

బూట్ల మేడమ్ మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూసి అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిది నెలలుగా ఆమె నోట ఒక్క తీపి మాటైనా వినాలని కాచుక్కూర్చున్నవాణ్ని. నా ఖర్మ!

సిగ్గు ఉంది. కాకపోతే అప్పటిదాకా పెద్దగా వాడలేదు.

మా ఆసుపత్రిలో నన్ను 'గంటల డాక్టర్' అంటారు. ఇక్కడికి రాకముందు కృత్రిమ మోకాలి కీళ్ళ పరిశోధనలో ఉండేవాణ్ని. లోహపు కీలును యంత్రానికి బిగిస్తే అది లక్షల సార్లు వంచుతుంది, ఎంత అరిగిందో మేం కొలుస్తాం. కీలు ఏడవదు, ఎదురు చెప్పదు. ఆ అలవాటుతోనే పసిపిల్లల విభాగంలోకి వచ్చిపడ్డాను.

పుట్టుకతోనే పాదాలు లోపలికి తిరిగిన పిల్లలకు కట్లు కట్టి సరిచేస్తాం. తర్వాత ఒక కడ్డీకి బిగించిన రెండు బూట్లు వేయాలి. మొదటి మూడు నెలలూ రోజుకు ఇరవై మూడు గంటలు. మానేస్తే పాదాలు మళ్ళీ తిరిగిపోతాయి. తల్లులు నిజంగా అన్ని గంటలూ వేస్తున్నారా అన్నదే నా పరిశోధన. వాళ్ళకు ముందుగా చెప్పి, బూట్లలో చిన్న సెన్సర్ పెట్టించాను. పాదం వెచ్చదనాన్ని బట్టి అది గంటలు లెక్కపెడుతుంది.

ఆ బూట్లు కుట్టేది బూట్ల మేడమ్. జడను ముడి చుట్టి, అందులో పెన్సిల్ గుచ్చుకుని పని చేస్తుంది. నేను రోజూ ఏదో ఒక బూటు పట్టుకుని "స్క్రూ వదులైందండీ" అంటూ ఆమె వర్క్‌షాప్‌కి వెళ్ళేవాణ్ని.

"సెన్సర్ మడమ దగ్గర వద్దండీ. కుట్టు ఉబ్బుతుంది. పక్కన పెడదాం," అని మొదట్లోనే చెప్పింది.

"మడమ దగ్గరైతేనే లెక్క కరెక్ట్‌గా వస్తుంది. సైన్స్ సంగతి మాకొదిలెయ్యండి," అన్నాను కాస్త స్టైల్‌గా. ఆమె ముందు తెలివి చూపించుకోవాలని నా తాపత్రయం.

ఆ మంగళవారం ఒక తల్లి ఐదు నెలల పాపను ఎత్తుకుని వచ్చింది. నా కంప్యూటర్‌లో పదిహేను రోజులకూ కలిపి సున్నా గంటలు.

"రోజూ వేశానండీ," అందామె.

"వేశారా? ఇదిగో, సున్నా!" స్క్రీన్ హాలు వైపు తిప్పాను. "ఎవరికమ్మా ఈ అబద్ధాలు? రేపు పిల్ల కుంటితే అప్పుడేడుద్దురు గాని!"

"అది కాదండీ, కొత్త బూట్లు..."

"సాకులొద్దు. నెక్స్ట్!"

హాల్లో పాతిక మంది తల్లులు వింటున్నారు. ఆమె కొత్త బూట్లు బల్ల మీద పెట్టి, పాపను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

వర్క్‌షాప్ తలుపులోంచి ఇదంతా చూసిన బూట్ల మేడమ్ వచ్చి ఆ బూట్లో వేలు పెట్టింది. ఆమె మొహం మారిపోయింది. సిగ్గుందా అని అడిగింది అప్పుడే.

"మీరూ వేలు పెట్టండి."

పెట్టాను. మడమ దగ్గర కుట్టు గట్టిగా, గరుగ్గా తగిలింది. దాని చుట్టూ ఎండిన నెత్తుటి మరక.

"పాప పాత బూట్ల ముందు భాగం కత్తిరించి, వేళ్ళు పట్టేలా చేసి వేస్తోంది ఆ తల్లి. ఇందాక పాప కాళ్ళకున్నవి అవే. వాటిలో మీ సెన్సర్ లేదు. స్క్రీన్ చూశారు గానీ, పాప కాళ్ళు చూశారా?"

చూడలేదు. నాకు తల కొట్టేసినంత పనైంది.

మర్నాటి నుంచి ఆ తల్లికి ఫోన్ మీద ఫోన్ చేశాను. ఆమె ఎత్తలేదు. ఇంటికి వెళ్దామంటే నాకు మొహం చెల్లలేదు. ఆ పాత బూట్లు కూడా ఇరుకైతే పాప పాదాలు మళ్ళీ తిరిగిపోతాయి. ఆ తలపుకి అన్నం సహించేది కాదు. చివరికి బూట్ల మేడమే వెళ్ళొచ్చింది.

"ఆ హాల్లోకి ఏ మొహం పెట్టుకుని రానూ అంటోంది. అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. మీరు తీసుకుంటారని మాటిచ్చి వచ్చాను. మంగళవారం వస్తుందట."

"తీసుకుంటాను."

"అయితే మీ కాలి కొలతలివ్వండి."

మంగళవారం జోరున వాన. హాల్లో బెంచీ మీద, కాళ్ళకు నా సైజు బూట్లు, మధ్యలో కడ్డీతో పొద్దున్నుంచీ కూర్చున్నాను. మడమ దగ్గర అదే కుట్టు.

మనవడిని ఎత్తుకున్న ఒక అమ్మమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీకెన్ని నెలలు నాయనా?"

"ఇరవై తొమ్మిదేళ్ళండీ."

"అయ్యో! ఇంత ఆలస్యంగా తీసుకొచ్చారేం మీవాళ్ళు?"

హాలంతా గొల్లుమంది. వాన తగ్గడం లేదు. ఇంత వానలో ఆ తల్లి రాదనుకున్నాను.

పదకొండు దాటాక, తడిసిన గొడుగుతో, పాపతో వచ్చింది. కడ్డీ సంగతి మరిచి గభాల్న లేచి, అక్కడే కూలబడ్డాను. అలాగే చెప్పాను.

"అమ్మా, తప్పు నాది. మీరు అబద్ధం చెప్పలేదు. పాప కాలిని కోసింది నా కుట్టు. మిమ్మల్ని మాట్లాడనివ్వలేదు. నాకు చాలా సిగ్గుగా ఉంది."

అందరూ వింటూనే ఉన్నారు.

ఆమె నా బూట్ల వైపు, కడ్డీ వైపు కాసేపు చూసింది.

"కాస్త పాపను పట్టుకోండి. గొడుగు ముడవాలి," అంది.

అప్పుడు చూశాను ఆ కాళ్ళు. పాదాలు చక్కగా తిన్నగా ఉన్నాయి. మడమ మీద పుండు మాని చిన్న మచ్చ మిగిలింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

హాలు ఖాళీ అయ్యాక బూట్ల మేడమ్ నా ముందు చతికిలబడి, బూటు పట్టీ మీద చెయ్యి వేసింది.

"విప్పకండి. ఒక మాట చెప్పాలి. విప్పితే పారిపోతాను."

"చెప్పండి."

"ఆ స్క్రూలేవీ వదులవలేదండీ. నేనే వదులు చేసి తెచ్చేవాణ్ని."

"తెలుసు. ఒక్కోదాని మీద కత్తెర గీతలే. స్క్రూ డ్రైవర్ పట్టడం రానివాడు నాకు సైన్స్ చెప్పాడు!"

"మీరంటే నాకు ప్రాణం. ఇవాళ అడిగే మొహం లేదు నాకు. అయినా అడుగుతున్నాను, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె నా ఎడమ బూటు విప్పింది. మడమ బొబ్బెక్కి ఎర్రగా ఉంది.

"మంటగా ఉందా?"

"ఉంది."

ఆమె బ్లేడు తీసి లోపలి కుట్టు కోసి పారేసింది. మడమకు మందు రాసి, దూది పెట్టి, బూటు మళ్ళీ తొడిగి పట్టీ బిగించింది.

"ఇంకో గంట ఇలాగే ఉండు. నేను ఆలోచించుకోవాలి," అని నా పక్కనే బెంచీ మీద కూర్చుంది.

ఆ గంట ఎంతసేపు సాగిందో మాత్రం ఈ గంటల డాక్టర్‌ని అడక్కండి.