మూడో నట్టు

సాయంత్రం 4.35. కంటి ఆసుపత్రి ముందు పాత కారు. ఇంజన్ నడుస్తోంది, ఏసీ పనిచేస్తోంది, అద్దాలన్నీ మూసి ఉన్నాయి. డ్రైవర్ సీట్లో డ్రాయింగ్ మాస్టారు తల వాల్చేసి ఉన్నాడు.

కళ్లు చూపించుకుని బయటికొచ్చిన భార్య, నిద్రపోతున్నాడనుకుని రెండుసార్లు అద్దం తట్టింది. మూడోసారి తట్టలేదు. కేక పెట్టింది.

ఒంటిమీద గాయం లేదు. పోస్ట్‌మార్టం రిపోర్టులో ఒకటే కారణం రాశారు. కార్బన్ మోనాక్సైడ్.

కేసు ఇన్‌స్పెక్టర్ చేతికొచ్చింది. ఆయనకు చూపెక్కువ, ఓపిక తక్కువ. చూపు గురించి స్టేషన్‌లో అందరూ మెచ్చుకుంటారు. ఓపిక గురించి ఆయన ఎదుట ఎవరూ మాట్లాడరు.

చావుకు ముందురోజే ఆ కారుకు కొత్త కాటలిటిక్ కన్వర్టర్ బిగించారు. పొగగొట్టం మధ్యలో ఉండి, పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా అది. కంపెనీది కాదు, బయట మార్కెట్లో దొరికేది. బిగించిన మెకానిక్ ఎవరో కాదు, మాస్టారి బావమరిది.

బావా బావమరుదులకు ఆరు నెలలుగా మాటల్లేవు. నలుగురిలో మాస్టారు అతన్ని చేతకానివాడన్నాడు. అప్పటినుంచీ ఉప్పూ నిప్పూ. ఈ రిపేరు వంకతోనైనా ఇద్దరూ కలుస్తారని, ఆవిడే పట్టుబట్టి భర్తను తమ్ముడి షెడ్డుకు పంపింది.

"నేనే పంపాను సార్. వాడే చంపాడు," అందామె. ఇంకేం అడిగినా ఈ రెండు ముక్కలే.

హత్య కేసు రాయడానికి కానిస్టేబుల్ కాగితాలు సిద్ధం చేశాడు. మెకానిక్ కాదనలేదు. తప్పు తనదేనన్నాడు, తల దించుకున్నాడు.

రిపోర్టు వచ్చిన మర్నాడు ఉదయం 10.20కి అక్కాతమ్ముళ్లను షెడ్డుకు రప్పించి, ఇన్‌స్పెక్టర్ కారును లిఫ్ట్ మీదికెత్తించాడు. కన్వర్టర్‌కు ముందున్న జాయింటుకు మూడు నట్లు. కింది రెండింటిమీదా పసుపు గీతలున్నాయి. పూర్తిగా బిగించాక గీత పెట్టడం ఈ మెకానిక్ అలవాటు. మూడోది గొట్టానికి పైన ఉంది. అద్దం పెడితేగానీ కనబడదు. దానికి గీత లేదు. వేలితో తిప్పితే తిరిగింది. శుభ్రపడని పొగ అక్కడే బయటపడి, తుప్పుపట్టిన ఫ్లోర్‌లోని చిల్లిగుండా కార్లోకి చేరింది.

"ఇది హత్య కాదమ్మా," అన్నాడాయన. "చంపాలనుకున్నవాడు దానికీ గీత పెట్టేవాడు, చూసినవాళ్లు బిగించాడనుకోవాలని. పని మధ్యలో ఎవరో పిలిచుంటారు. తిరిగొచ్చి కనబడే రెండు గీతలూ చూసి, అయిపోయిందనుకుని కారు దించేశాడు." మెకానిక్ వైపు తిరిగాడు. "ఎవరు పిలిచారు?"

"గుర్తులేదు సార్."

"ఎన్నింటికి?"

"గుర్తులేదు."

"ఫోనివ్వు."

మెకానిక్ ఇవ్వలేదు. కానిస్టేబుల్ అతని జేబులోంచి తీసి అందించాడు. కన్వర్టర్ బిగించిన సోమవారం, ఉదయం 11.42. ఒకే ఒక్క కాల్. ఆ నంబరు చూసి ఇన్‌స్పెక్టర్ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చదివాడు.

ఆయన సొంత నంబరది.

అంతా గుర్తొచ్చింది. తన కారు రిపేర్లు చేసేదీ ఈ మెకానిక్కే. బ్రేకులు కీచుమంటున్నాయని ఆ రోజు ఫోన్ చేశాడు. బావ కారుకింద ఉన్నానని, ఒక్క నిమిషం ఆగమని మెకానిక్ బతిమాలాడు. నీ నిమిషాలు నాకు తెలుసు, వెంటనే రమ్మని కసిరి తాను ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత సంగతే మర్చిపోయాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"పిలిచింది మీరే సార్. కానీ వదిలేసి వచ్చింది నేను. తిరిగొచ్చాక ఇంజన్ ఆన్ చేసి, జాయింటు దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. బావ తొందరపెట్టాడు. మాట కలిపాడు కదా, మళ్లీ ఎక్కడ చెడుతుందోనని చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ హత్య కాగితాలు పక్కన పెట్టించాడు. ఈ కేసు తాను చూడకూడదని, పైఆఫీసర్‌కు అప్పగించి మొదటి వాంగ్మూలం తానే ఇస్తానని కానిస్టేబుల్‌తో చెప్పాడు. తర్వాత ఆవిడ ఎదుటికి వెళ్లి, ఏం జరిగిందో ఒక్కటీ దాచకుండా చెప్పాడు. క్షమించమని మాత్రం అడగలేదు.

ఆమె తమ్ముడి నూనె చేతుల వైపు చాలాసేపు చూసింది. తర్వాత మామూలుగా అడిగింది.

"మీ బండి బాగైందా సార్?"

"అయిందమ్మా," అన్నాడు.