ఒడ్డున కారని ఇంజన్

బాస్ సొరుగు లాగి, ఓ గుడ్డపేలిక తీసి టేబుల్ మీద పడేశాడు. నల్లగా, జిడ్డోడుతూ ఉంది.

"మన వాళ్లని ముగ్గురిని చంపింది ఇదే," అన్నాడు.

డేగ దాని వైపు అనుమానంగా చూశాడు. డేగ అన్నది కోడ్ నేమ్. పదకొండేళ్ల సర్వీసులో అతను సైలెన్సర్ పిస్టళ్లు చూశాడు, విషం నింపిన పెన్నులు చూశాడు. గుడ్డపేలిక చేతిలో ఎవరైనా పోయారని మాత్రం వినలేదు.

"ఇంజన్ ఆయిల్ సర్," అన్నాడు వాసన చూసి.

"మన స్పెషల్ బోటుది. ఒడ్డున గంటలు గంటలు నడిపినా చుక్క కారదు. సీక్రెట్ ట్రిప్పుకి వెళ్లిందా, కారుతుంది. అడుగున చేరిన ఆయిల్‌ని, అక్కడి నీళ్లతో పాటు పంపు బయటికి తోసేస్తుంది. సముద్రం మీద రంగురంగుల జాడ. శత్రువుల బోటు ఆ జాడ పట్టుకుని తీరిగ్గా వెనకే వస్తుంది. ఈరోజు నాలుగింటికి నాలుగో ట్రిప్పు."

"ప్యాసింజర్?"

"లెక్కల మాస్టారు. వాళ్ల కోడ్ విప్పగలిగిన మనిషి ఆయనొక్కడే. ఆయన ఈ ఊళ్లో ఉన్నట్టు వాళ్లకి తెలిసిపోయింది. వాయిదా వేస్తే రేపు పొద్దున్న చూడడు."

బాస్ ఓ ఫోటో ముందుకి తోశాడు. బట్టతల మనిషొకడు బోటు అడుగున వంగి, దొంగచూపులు చూస్తూ ఆయిల్ తుడుస్తున్నాడు.

"మెకానిక్. ఆయిల్ కారకుండా ఆపే సీల్ మూడుసార్లు మార్చానంటాడు. బోటు తిరిగి రాగానే గుట్టుచప్పుడు కాకుండా తుడిచేస్తాడు. రిపోర్టులో మాత్రం ఒక్క ముక్క రాయడు. నాలుగున్నరకి అరెస్ట్ చేస్తున్నాం."

డేగ ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. నాన్న పోయాక తనని ఇంట్లో పెట్టుకుని, చదివించి, స్పానర్ పట్టడం నేర్పిన మేనమామ ఆయన.

"ఆయన మీ మామయ్యేనని నాకు తెలుసు," అన్నాడు బాస్ మెల్లగా. "అందుకే నిన్ను పిలిచాను. దొంగ ఆయనో కాదో నాలుగింటిలోగా తేల్చు."

*

పదకొండింటికి, గుబురు మీసం, లావు ఫ్రేము కళ్లజోడు, చేతిలో బ్రీఫ్‌కేసుతో ఓ ఆయిల్ కంపెనీ సేల్స్ ఇంజనీర్ బోటు దిగువకి దిగాడు. ఇంజన్ మీద చెయ్యేసి, స్పానర్ అందుకుని ఓ నట్టు బిగించి చూశాడు.

"స్పానర్ ఇంకా గరిటె పట్టినట్టే పడుతున్నావురా చిట్టీ," అన్నాడు మెకానిక్ తలెత్తకుండానే. "ఆ మీసమేంటి, ఏదైనా మొక్కా?"

డిపార్ట్‌మెంట్ మేకప్‌మేన్ రెండు గంటల కష్టం అలా గంగలో కలిసింది. డేగ మీసం సర్దుకున్నాడు.

"మామయ్యా, తుడిచేసి ఎందుకు దాచావు?"

మామయ్య చేతిలో పని ఆగిపోయింది. "ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసురా. నా ఇంజన్ కారిందని ఎవడైనా అంటే నేను తలెత్తుకు తిరగగలనా? పోనీ, కారణమైనా దొరికి చస్తేగా! సీల్ మార్చాను. గొట్టాలన్నీ ఊడదీసి చూశాను. ఇక్కడ నడిపితే పట్టు పరికిణీ కట్టినంత శుభ్రంగా ఉంటుంది. ట్రిప్పుకి నన్ను ఎక్కనివ్వరు. తిరిగొచ్చేసరికి చెరువు."

నిజమే చెబుతున్నాడనిపించింది. కానీ అబద్ధం చెప్పేవాళ్లందరూ అలాగే అనిపిస్తారని డేగకి ట్రైనింగ్‌లో నేర్పారు. సొంత మేనమామని అలా చూడాల్సి వచ్చినందుకు అతనికి తన ఉద్యోగం మీదే అసహ్యం వేసింది.

బ్రీఫ్‌కేసులోంచి లీక్ డిటెక్టర్ తీశాడు. ల్యాబ్ వాళ్ల సరికొత్త ఆవిష్కరణ. ఇంజన్ దగ్గర బీప్‌మంది. గోడ దగ్గర బీప్‌మంది. మామయ్య నెత్తి దగ్గర ఇంకా గట్టిగా బీప్‌మంది.

"అది కొబ్బరినూనెరా," అన్నాడు మామయ్య. "ఆ డబ్బా లోపల పెట్టు. మా గురువు ఇంజన్ని పొడిగా తుడిచి సుద్దపొడి చల్లేవాడు. మొదటి చుక్క ఎక్కడ పుట్టినా అక్కడ పొడి తడుస్తుంది. ఇప్పుడు సుద్దపొడి ఎక్కడ దొరుకుతుంది?"

"ఇది పనికొస్తుందా?"

మెట్ల మీద నీలం కళ్లజోడు నిలబడి ఉంది. ఆమెకి అంతకుమించి పేరు లేదు. శత్రువుల ముఠాలోనూ పనిచేస్తుంది, మన దగ్గరా పనిచేస్తుంది. ఏ వైపు ఎక్కువన్నది ఆమెకే తెలియాలి. చేతిలో గులాబీ రంగు ఫేస్ పౌడర్ డబ్బా ఉంది.

"అలలు ఎన్ని?" అన్నాడు డేగ పాస్‌వర్డ్ ప్రకారం.

"లెక్కపెట్టేవాడు మునిగాడు," అంది ఆమె.

పాస్‌వర్డ్ కరెక్టే. అయినా డేగ పౌడర్ రెండుసార్లు వాసన చూశాడు. ఆమె పెదవి విరిచింది.

ముగ్గురూ కలిసి ఇంజన్ని కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, ఒళ్లంతా పౌడర్ అద్దారు. డబ్బా ఖాళీ అయ్యింది. గంటసేపు నడిపారు. ఒక్క చోటైనా తడవలేదు. మసక వెలుతురులో ఇంజన్ పెళ్లిపీటలెక్కబోయే పిల్లలా నిలబడి ఉంది. చుక్క కారితే బాగుండునని డేగ జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు.

*

మూడున్నరకి ఫోన్ వచ్చింది. సేల్స్ ఇంజనీరూ, మెకానిక్కూ రేవు గేటు దగ్గరికి వచ్చి సంతకాలు పెట్టాలట. ఇద్దరూ వెళ్లారు. నీలం కళ్లజోడు అంతకుముందే మాస్టారిని తీసుకురావడానికి వెళ్లింది.

"ఫోనా? మేమెవరం చెయ్యలేదే," అన్నాడు గేటు దగ్గర గార్డు.

డేగ వెనక్కి పరుగు తీశాడు. మామయ్య రొప్పుతూ వెనకే వచ్చాడు. అప్పటికే మాస్టారు బోటులో కూర్చున్నాడు, పక్కన నీలం కళ్లజోడు. పైన, ముందు మూడు ట్రిప్పులూ నడిపిన కెప్టెన్ తెల్లటి యూనిఫాంలో మెరిసిపోతున్నాడు.

కిందికి దిగి చూస్తే, ఇంజన్ పైభాగంలో ఓ రబ్బరు పైపు దగ్గర పౌడర్ చెరిగిపోయి ఉంది. మామయ్య ఆ పైపు పీకాడు. లోపల గట్టిగా బిగించిన బిరడా ఉంది.

"ఓరి దుర్మార్గుడా!" మామయ్య ఆ పైపుని డేగ మొహం ముందు పెట్టాడు. "ఇది ఇంజన్ ఊపిరి పైపురా. ఇది మూస్తే లోపలి గాలికి దారుండదు. ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్‌ని బయటికి తన్నేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు బిరడా తీసేస్తే నాకేం కనపడుతుంది? పైపు శుభ్రంగానే ఉంటుంది!"

డేగ చెరిగిన చోటు చూశాడు, మామయ్య చేతులు చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ల నలుపు గోళ్లలో ఇంకిపోయిన చేతులు. మధ్యాహ్నం ఆయన ముట్టుకున్న ప్రతిచోటా పౌడర్ మీద నల్లటి వేలిముద్రలున్నాయి. ఇక్కడ పౌడర్ పోయింది, నల్లమచ్చ లేదు. పనిచేసే చెయ్యి కాదు అది.

అతనికి ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది. "మామయ్యా, నువ్వు కాదు," అన్నాడు.

"నేనేమిట్రా?" అన్నాడు మామయ్య అయోమయంగా.

డేగ పైకి వెళ్లాడు. మూడూ యాభై ఎనిమిది. తాళ్లు విప్పుతున్నారు.

"కెప్టెన్, మీరు ఇంజన్ రూమ్‌లోకి వెళ్లారా?"

"ఆ కంపులోకా? నాకు మెట్లెటున్నాయో కూడా తెలీదు."

"మరి ఆ చొక్కా చెయ్యి మీద గులాబీ రంగేంటి?"

కెప్టెన్ చూసుకున్నాడు. ఒక్క క్షణం తడబడి, నీలం కళ్లజోడు వైపు కన్నుకొట్టాడు. "అందమైన ఆడమనిషి బోటులో ఉంటే, మగాడి చొక్కాకి కాస్త పౌడర్ అంటదా ఇంజనీర్ గారూ?"

ఆమె కళ్లజోడు తీసింది. చెమటతో, అలసటతో, కిరసనాయిలు మరకతో మామూలు మొహం.

"సరిగ్గా చూడండి కెప్టెన్. డబ్బా మొత్తం మధ్యాహ్నమే అయిపోయింది. ఈరోజు ఈ బోటులో పౌడర్ వేసుకున్నది ఇంజన్ ఒక్కటే."

కెప్టెన్ మొహం పాలిపోయింది. చెయ్యి జేబులోకి వెళ్లింది, పిస్టల్‌తో బయటికొచ్చింది. గురి మాస్టారి నుదుటికి. ఎవరూ కదల్లేదు. మాస్టారిని అడ్డం పెట్టుకుని దిగిపోదామని కెప్టెన్ ఒకడుగు వెనక్కి వేశాడు.

సరిగ్గా ఆ అడుగు కిందికి, మామయ్య మెట్ల మీద నుంచే ఆయిల్ ట్రే తోశాడు. పాత ఆయిల్ నిండుగా ఉన్న ట్రే. పాలిష్ బూటు జర్రున జారింది. పిస్టల్ ఆకాశాన్ని కాల్చింది. డేగ మీదపడి చేతులు వెనక్కి విరిచి కట్టేశాడు.

"బిరడా తీసేస్తున్నా," అన్నాడు మామయ్య కిందికి దిగుతూ.

"వద్దు మామయ్యా, మళ్లీ పెట్టు. మాస్టారు రేవులో ఉన్న సరుకుల బోటులో వేరే దారిన వెళ్తాడు. ఇది మన పోలీసులతో ఎప్పటి దారిలోనే వెళ్తుంది. ఆయిల్ కారనీ. వాళ్లు జాడ పట్టుకుని రానీ."

"నా చేత్తో నా ఇంజన్ని కార్చమంటావా?" మామయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముగ్గురు పోయారు మామయ్యా."

ఆయన ఇంజన్ని ఓసారి నిమిరి, బిరడా బిగించాడు.

అయిదున్నరకి వైర్‌లెస్ మోగింది. రంగుల జాడ వెంట వచ్చిన శత్రువుల బోటు రెండు గస్తీ బోట్ల మధ్యకి వచ్చి ఇరుక్కుంది. ముఠా మొత్తం దొరికింది. మాస్టారు క్షేమంగా చేరాడు. బాస్ అరెస్ట్ కాగితం చింపేశాడు.

మామయ్య డేగని పక్కకి లాగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, మీ అమ్మకి తెలియనివ్వకు."

"నేను గూఢచారినన్న సంగతా?"

"అదెవడికి కావాలిరా? నా ఇంజన్ కారిందన్న సంగతి!"