పెట్టె అడుగున చీటీ

"ముప్పై! నాన్నా, ముప్పైకే స్కేట్లు!"

మిరియం అరిచిన అరుపుకి నాన్న చేతిలోని స్క్రూ కాస్తా జారి బల్ల కిందికి దొర్లిపోయింది.

నాన్న రేడియో మెకానిక్. పాత రేడియోలు కొని, బాగుచేసి, ఆన్‌లైన్ వేలం సైట్‌లో అమ్ముతాడు. షాపులో ఓ మూల కంప్యూటర్ ఉంటుంది. స్కూల్ లేని రోజు దాని ముందున్న కుర్చీ మిరియానిదే. అసలు పేరు వేరే ఉంది గానీ, మనిషి చిన్నది, ఘాటు ఎక్కువ కాబట్టి అందరూ మిరియం అనే పిలుస్తారు. వయసు పదకొండు.

"కింద కూడా చదువమ్మా," అన్నాడు నాన్న బల్ల కింద తడుముకుంటూ.

మిరియం కింద చదివింది. పోస్టేజీ: మూడు వందల యాభై.

"ఇదేం అన్యాయం! స్కేట్లు ముప్పై, పంపడానికి మూడొందల యాభైయా? వాటిని విమానంలో కూర్చోబెట్టి పంపుతారా ఏంటి?"

"అదో ఎత్తు. ధర తక్కువ పెడితే జాబితాలో అందరికంటే పైన కనిపిస్తుంది. పైగా సైట్ వాళ్ళు ధర మీదే కమీషన్ తీసుకుంటారు, పోస్టేజీ మీద తీసుకోరు. అలాంటి బేరాల జోలికి పోకూడదు."

స్క్రూ దొరికింది. నాన్న మళ్ళీ రేడియోలో తల దూర్చాడు.

ఆయన చెప్పినదాంట్లో చివరి మాట మిరియం చెవికెక్కలేదు. మొదటి రెండు మాటలు మాత్రం బుర్రలో గిర్రున తిరిగాయి.

ఎర్ర స్కేట్లు. సరిగ్గా తన సైజు. వీధిలో పిల్లలందరికీ ఉన్నాయి, తనకి తప్ప. వాళ్ళు ఝుమ్మని పోతుంటే వెనకాల పరిగెత్తి పరిగెత్తి మిరియం చెప్పులు అరిగిపోయాయి. డిబ్బీలో నూటయాభై ఉంది. ఇంకా రెండొందల ముప్పై కావాలి.

"నాన్నా, నా గుడ్డ బొమ్మలు అమ్ముకోనా? చేతికి తొడుక్కుని ఆడిస్తానే, అవి."

"నీ బొమ్మలు, నీ ఇష్టం. నా ఖాతాలోనే పెట్టుకో. నా పేరు మాత్రం జాగ్రత్త."

నాన్నకి ఆ సైట్‌లో మంచి పేరుంది. మూడొందల పన్నెండు మంది మెచ్చుకుంటూ రాశారు. ఒక్క ఫిర్యాదు లేదు. షాపుకి నడిచి వచ్చేవాళ్ళు నెలకి ఇద్దరో ముగ్గురో. రేడియోలు అమ్ముడుపోయేది, ఇల్లు గడిచేది ఆ పేరు మీదే.

మిరియం టకటకా టైప్ చేసింది. ఆరు బొమ్మలు: రాజు, రాణి, దొంగ, ఎలుగుబంటి, గుడ్లగూబ, నక్క. ధర: పది. పోస్టేజీ: రెండు వందల యాభై.

వేలు కాసేపు బటన్ దగ్గరే ఆగింది. 'ఇందులో మోసం ఏముంది? రెండు అంకెలూ కళ్ళెదురుగానే ఉన్నాయిగా. ఇష్టమైతే కొంటారు, లేకపోతే లేదు' అని తనకి తనే సర్దిచెప్పుకుంది. నొక్కేసింది.

నాలుగో రోజుకి వేలం పాట నలభై దగ్గర ఆగింది. పాడినాయన ఆ నలభై, ఆ రెండొందల యాభై కలిపి వెంటనే కట్టేశాడు. మిరియం ఎగిరి గంతేసింది.

నాన్న తీరిక దొరికినప్పుడల్లా అట్టపెట్టెలు మడిచి, అడుగున కాగితం ముక్కలు పరిచి, అరలో వరసగా పేర్చి ఉంచుతాడు. మిరియం అందులోంచి ఒకటి లాగి, బొమ్మల్ని దాంట్లో కుక్కి, టేపు వేసి పోస్టాఫీసుకి పట్టుకెళ్ళింది.

కౌంటర్లో ఆంటీ పెట్టెని తూకం మీద పెట్టింది. "యాభై అయిదు."

"అంతేనా ఆంటీ?"

"మరి? గుడ్డ బొమ్మలన్నావు, లోపల ఇటుకలేమైనా పెట్టావా ఏంటి?" అంటూ యాభై అయిదు అని ప్రింట్ అయిన స్టిక్కర్‌ని పెట్టె మీద అంటించింది ఆంటీ.

ఆ సాయంత్రమే మిరియం స్కేట్లకి పాట పాడింది. పోటీకి ఇంకెవరూ రాలేదు. "వద్దన్నాను. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవకు," అన్నాడు నాన్న. "ఏడవను," అంది మిరియం.

వారం తర్వాత, స్కూల్ నుంచి వచ్చేసరికి స్కేట్లు షాపులో ఉన్నాయి. అచ్చం కొలతపెట్టి చేయించినట్టు సరిపోయాయి. వీధి చివరిదాకా ఒక చుట్టు వెళ్ళొచ్చింది. రెండుసార్లు పడింది. మోకాలు గీసుకుపోయింది. అయినా నవ్వు ఆగలేదు.

తిరిగొచ్చి పెట్టె పారేయబోతూ స్టిక్కర్ చూసింది. నూట ఇరవై.

"నూట ఇరవయ్యా? నా దగ్గర మూడొందల యాభై గుంజాడు! దొంగ! పచ్చి దొంగ!"

"నచ్చకపోతే వెనక్కి పంపెయ్," అన్నాడు నాన్న తల ఎత్తకుండానే.

మిరియం సైట్‌లో రూల్ చదివింది. వెనక్కి పంపితే ధర మాత్రమే ఇస్తారు. పోస్టేజీ ఇవ్వరు. అంటే వచ్చేది ముప్పై! ఒళ్ళు మండిపోయింది. కుర్చీ లాక్కుని ఆ అమ్మినవాడికి రాయడం మొదలుపెట్టింది. 'పెట్టె మీద నూట ఇరవై అని ఉంది. మీకు సిగ్గు లేదా? పోస్టేజీ అని చెప్పి జనాన్ని...'

అంతలో టింగుమని ఒక మెసేజ్ వచ్చింది. బొమ్మలు కొన్నాయన దగ్గర్నుంచి.

'అయ్యా, బొమ్మలు చేరాయి. మా మనవడికి అన్నం తినిపించడం ఇదివరకు ఓ యుద్ధం. ఇప్పుడు నక్క తినిపిస్తే గిన్నె ఖాళీ. ఒక చిన్న సంగతి. పెట్టె మీద యాభై అయిదు అని ఉంది. నేను రెండు వందల యాభై కట్టాను. టైప్ చేసేటప్పుడు పొరపాటు పడ్డారేమో. నేను అడిగేవాణ్ణి కాదు. కానీ చెప్పమని పెట్టె అడుగున మీ చీటీలో మీరే రాశారు. ఇలా రాసే మనుషులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? మీ గురించి సైట్‌లో మంచిగా రాశాను. ఇట్లు, నక్క తాతయ్య.'

మిరియం మళ్ళీ చదివింది. చీటీ ఏంటి?

అర దగ్గరికి వెళ్ళి ఒక ఖాళీ పెట్టె తీసింది. కాగితం ముక్కలు పక్కకి తోసింది. అడుగున చిన్న చీటీ, నాన్న చేతిరాత. 'పోస్టేజీ అయినదానికంటే ఎక్కువ తీసుకున్నట్టు కనిపిస్తే చెప్పండి. తేడా ఆ రోజే పంపిస్తాను. రేడియో మెకానిక్.'

ఇంకో పెట్టె తీసింది. దాంట్లోనూ ఉంది. ఇంకోటి. దాంట్లోనూ.

"ఎవరమ్మా మెసేజ్?" అన్నాడు నాన్న.

తుడిచేస్తే? ఒక్క బటన్. తాతయ్య మళ్ళీ అడగడు, మంచివాడు. మిరియం స్క్రీన్ వంక చూసింది. ఒక పక్క తాతయ్య మాటలు. ఇంకో పక్క తను సగం రాసి ఆపిన తిట్లు. మీకు సిగ్గు లేదా? ఆ ప్రశ్న ఇప్పుడు తననే అడుగుతున్నట్టుంది.

"నాన్నా... నేనొక పని చేశాను."

మొత్తం చెప్పేసింది. నాన్న మెసేజ్ చదివాడు. రెండోసారి చదివాడు. అరిచినా బాగుండేది అనిపించింది మిరియానికి.

"రెండూ కలిపితే అదే డబ్బు కదా అనుకున్నాను," అంది.

"బొమ్మల ధరే రెండొందలని పెట్టుంటే నేనేమీ అనేవాణ్ణి కాదు. అది బేరం. పోస్టుకి అని చెప్పి నీకు తీసుకున్నావు చూడు, అదే తప్పు." నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చీటీ మీద ఉన్నది నా మాట. డబ్బు ఇవాళే వెళ్ళాలి. నేను పంపుతాను."

"నీది కాదు, నాది. స్కేట్లు అమ్మేస్తాను."

నాన్న ఆమె గీసుకుపోయిన మోకాలి వంక చూశాడు. "ఉంచుకోవచ్చే. మెల్లగా ఇద్దువుగాని."

"వద్దు నాన్నా. వాటిని వేసుకుంటే నక్క తాతయ్యే గుర్తొస్తాడు," అంది మిరియం. అని ఏడ్చింది కూడా.

స్కేట్లు అమ్ముడయ్యేదాకా నాన్న అప్పిచ్చిన నూట తొంభై అయిదు ఆ పూటే వెళ్ళింది. 'పొరపాటు కాదు తాతయ్యా, కావాలనే ఎక్కువ పెట్టాను. మా నాన్నకి తెలీదు. క్షమించండి' అని తనే రాసింది మిరియం. స్కేట్లు అమ్మినవాడికి రాసిన తిట్లు తుడిచేసి, 'నూట ఇరవై అయినట్టుంది, నేను మూడు వందల యాభై కట్టాను, ఒకసారి చూడండి' అని పంపింది. దానికి ఇవాళ్టిదాకా జవాబు లేదు.

ఎర్ర స్కేట్లు. ధర: రెండు వందలు. పోస్టేజీ: నూట ఇరవై. ఆ ధరకి జాబితాలో ఎక్కడో మూడో పేజీకి పోయాయి. రోజూ స్కూల్ నుంచి రాగానే చూసుకునేది. ఎవరూ పాడలేదు. తొమ్మిదో రోజున ఒకే ఒక్కరు రెండొందలకి పాడారు. కొన్నది ఒక స్కూల్ బస్సు డ్రైవర్, వాళ్ళమ్మాయి కోసం.

మిరియం పెట్టెకి టేపు వేయకుండానే పోస్టాఫీసుకి తీసుకెళ్ళింది.

"మూత వెయ్యలేదేంటి?" అంది ఆంటీ.

"ముందు తూకం చెప్పండి ఆంటీ. తర్వాత వేస్తాను."

"ఊరు దగ్గరే కాబట్టి తక్కువే. నూట అయిదు."

పక్క బల్ల మీద తాడు కట్టిన పెన్ను ఉంది. మిరియం నాన్న చీటీ తీసి, ఆయన రాసిన దాని కింద కుదురుగా రాసింది: 'పోస్టేజీ నూట అయిదే అయింది. మీ పదిహేను ఇవాళ సాయంత్రం పంపిస్తాను. మిరియం.'

చీటీని కాగితం ముక్కల కిందికి తోయలేదు. స్కేట్ల మీద, పెట్టె తెరవగానే కనిపించేలా పెట్టింది. అప్పుడు టేపు వేసింది.