ఒక మెట్టు కింద

పొద్దున్నే పియానో తుడవడం ఆయనకు అలవాటు. వాద్యాలు శృతి చేయడమే ఆయన పని. ఆ వేళకు ఆయన భార్య వేడినీళ్లు తాగి, పక్కన నిలబడి గొంతు సవరించుకునేది. సోల్, జాజ్, బ్లూస్ - ఆ పడమటి బాణీల్లో ఏది అడిగితే అది ముప్పై ఏళ్లు పాడిన గొంతు. ఆర్నెల్ల క్రితం దానికి ఆపరేషనైంది. ఆ తర్వాత మొదటి రికార్డింగు ఆ రోజే.

కూతురే కారులో తీసుకెళ్లింది. మధ్యాహ్నం కాకముందే తిరిగొచ్చేశారు. తల్లి చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూలబడింది. జరిగింది కూతురే చెప్పింది. పాత పాటే, పాత శృతే. పై స్వరం దగ్గర మూడుసార్లు గొంతు చీలింది. శృతి తగ్గిద్దామని స్టూడియోవాళ్లన్నా అమ్మ వినలేదు. ఇంట్లో రోజూ ఇదే శృతిలో పాడుతున్నానంది. చివరికి రేపు మళ్లీ రమ్మని పంపేశారు.

"ఇక పాడను. రేపు రానని చెప్పెయ్," అంది తల్లి.

ఆయన చేతిలో గుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. కూతురు ఆ చేతులనే చూసింది. లేచి పియానో మీట ఒకటి నొక్కింది. ఆయన సంచిలోంచి శృతి సరిచూసే ట్యూనింగ్ ఫోర్క్ తీసి, మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. రెండూ కలవలేదు.

"నాన్నా, ఇది ఒక మెట్టు కిందుంది."

ఆయన తలెత్తకుండానే భార్యతో అన్నాడు. "ఆపరేషనయ్యాక మొదటిసారి పాడబోయి ఏడ్చావు. మర్నాడు నువ్వు డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు తీగలన్నీ దించేశాను."

"ఇన్నాళ్లూ నన్ను చంటిపిల్లని చేశారు. ఇవాళ అంతమందిలో నవ్వులపాలు చేశారు."

"చెబుదామనే అనుకున్నా. నువ్వు పాడుతుంటే నోరు రాలేదు."

"ఈ ఇంట్లో నీకంటే పియానోయే నయం నాన్నా, నొక్కితే పలుకుతుంది," అంది కూతురు.

ఎవరూ నవ్వలేదు. తల్లి పియానోకేసి చూసింది.

"అయితే ఇక్కడ రోజూ పాడింది నేనేగా?"

"నువ్వే."

"ఏ మోసం లేకుండా?"

"గొంతులో ఏ మోసమూ లేదు. నేనే నీకు చెప్పలేదు."

ఆవిడ లేచి వచ్చి పియానో పక్కన నిలబడింది. ఆయన వాయించాడు. పై స్వరం వెతుక్కోకుండానే వచ్చింది. మునుపటికన్నా బరువుగా ఉంది. ఆ పాటలోని దిగులుకు ఇన్నాళ్లకు సరైన చోటు దొరికినట్టుంది. కూతురు కళ్లు తుడుచుకుంది.

పాట అయ్యాక ఆవిడే స్టూడియోకు ఫోన్ చేసింది. రేపు వస్తున్నానని, శృతి ఒక మెట్టు దించమని చెప్పింది. ఫోన్ పెట్టేసి, అప్పుడు చెప్పులు విప్పింది.

"ఇంకోసారి దించాల్సొస్తే నాకు చెప్పి దించండి."

ఆయన తలూపాడు. తర్వాత, ఎందుకైనా మంచిదని, "సరే" అని పైకే అన్నాడు.