రెండో సాక్షి

వచ్చిన మొదటిరోజే ఆ అమ్మాయి అతన్ని అబద్ధాలకోరు అంది. అదీ అతనికి రెండేళ్ళప్పుడు తీసిన ఫోటో గురించి.

"నేను ఏడవలేదండీ," అన్నాడతను. "ఆ చెక్కగుర్రం మీద హాయిగానే కూర్చున్నాను."

"ఏడ్చాడు," అంది నానమ్మ. "గుర్రం కరుస్తుందని ఏడ్చాడు."

ఆ అమ్మాయి సంచిలోంచి భూతద్దం తీసి ఫోటో మీదకు వంగింది. "ఎడమ చెంప మీద కన్నీటి చుక్క ఉంది. ముక్కు సంగతి నేను చెప్పను. మీరు అబద్ధాలకోరు."

"రెండేళ్ళప్పటి సంగతి నాకెలా గుర్తుంటుంది?"

"గుర్తులేకపోతే గుర్తులేదనాలి. ఏడవలేదని ఎలా అన్నారు?"

ఆమె కోపంగా చూస్తే బాగుందని అతనికి అప్పుడే అనిపించడం మొదలైంది కాబట్టి, జవాబు కోసం పెద్దగా వెతకలేదు.

అతనిది ఫోటో స్టూడియో. తాత పెట్టింది. వెనక ఇల్లు, ముందు స్టూడియో. వీధిలోంచి మూడు మెట్లెక్కితే అరుగు, అరుగు మీంచి రెండు మెట్లు దిగితే స్టూడియో. ఆయన ఎందుకలా కట్టించారో ఎవరికీ తెలియదు కానీ, కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఆ రెండు మెట్ల దగ్గర తూలడం మామూలే. ఆ అమ్మాయీ తూలింది. అతను చెయ్యి అందించాడు. ఆమె గోడ పట్టుకుంది.

ఆమె పని స్క్రాప్‌బుక్కులు చేయడం. ఒక ఇంటి ఫోటోలన్నీ పెద్ద పుస్తకంలో అంటించి, ఒక్కోదాని పక్కన దాని వెనకున్న కథ చేత్తో రాసిపెడుతుంది. "నేను పోయాక ఈ మొహాలు ఎవరివో నీకు తెలిసి చావదురా" అని మనవణ్ణి ఏడాదిగా సాధించి, చివరికి నానమ్మే ఆమెను పిలిపించింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రావాలని ఒప్పందం. పుస్తకాల పిల్ల అని పేరు కూడా నానమ్మే పెట్టింది.

పుస్తకాల పిల్లకు ఒక పద్ధతి ఉంది. ప్రతి కథకూ ఇద్దరు సాక్షులుండాలి. ఇద్దరూ ఒకే మాట చెప్పాలి, పేజీ కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. విన్నది చెల్లదు. ఫోటోలో మనిషినో, జరిగినదాన్నో కళ్ళారా చూసి ఉండాలి. లేకపోతే ఆ పేజీ ఖాళీ.

"ఇది స్క్రాప్‌బుక్కా, కోర్టా?" అన్నాడతను.

"కోర్టయితే గుర్రం విషయంలోనే మిమ్మల్ని లోపలేసేవాళ్ళు. ఇక్కడ సంతకం పెట్టండి, సాక్షి గారూ."

అలా అతను సాక్షి గారయ్యాడు. నానమ్మ మొదటి సాక్షి, అతను రెండో సాక్షి. ఇంట్లో వేరే మనుషులు లేరు కాబట్టి ఆ ఉద్యోగానికి పోటీ లేదు.

మూడో ఆదివారం వెళ్ళే వేళకు వాన పట్టుకుంది. ఆమె అరుగు మీద ఆగిపోయింది. అతను గొడుగు తెస్తానని లోపలికి వెళ్ళి, గొడుగు కనబడుతున్నా కనబడలేదని చెప్పి వచ్చాడు.

"నిజం మీద మీకెందుకండీ అంత పట్టుదల?"

"మా ఇంట్లో ఒక్క నిజం తేలక పాతికేళ్ళుగా గొడవ," అంది. "నాకు ఎనిమిది నెలలప్పుడు అమ్మా నాన్నా నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని ఫోటో తీయించుకున్నారట. తీసినాయన 'ఎవరో కళ్ళు మూసుకున్నారు' అన్నాడట. నువ్వంటే నువ్వని అక్కడే మొదలైంది. తప్పు చేసినవాళ్ళే వెళ్ళి ఆ ఫోటో తెచ్చుకోవాలని పంతం. ఇద్దరూ వెళ్ళలేదు."

"ఈరోజుక్కూడా?"

"ఈరోజు పొద్దున కాఫీ దగ్గర కూడా నడిచింది. ఊరందరి ఫోటోలకూ కథలు రాస్తాను. అమ్మానాన్నలతో నాకు చిన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదు. మా ఇంటి పుస్తకంలో ఆ పేజీ ఖాళీ." ఆ మాట నవ్వుతూనే చెప్పింది కానీ, చివర్లో గొంతు కొంచెం తగ్గింది.

"ఏ స్టూడియో అది?"

"దాని మీదా గొడవే. అప్పుడు మేం వేరే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇక్కడికి పనిమీద వచ్చినప్పుడు తీయించుకున్నారు. మెట్లెక్కి వెళ్ళామంటారు నాన్న. మెట్లు దిగి వెళ్ళామంటుంది అమ్మ."

ఈ మాట ఆమె ఎక్కే మెట్లకూ దిగే మెట్లకూ మధ్య నిలబడి చెప్పింది. అతనికి తట్టలేదు. ఆమె చెవి పక్కన ఆగిన వాన చుక్క ఎప్పుడు జారుతుందా అని చూస్తున్నాడు. ఆమెకూ తట్టలేదు. ఇతనేం చూస్తున్నాడా అని ఆమె చూస్తోంది.

నాలుగో ఆదివారానికి నానమ్మ పెట్టెలో మూడంటే మూడే ఫోటోలు మిగిలాయి. గంట పని. ఆ తర్వాత ఆమె ఇంకో ఇంటికి, ఇంకెవరి నానమ్మ దగ్గరికో పోతుంది. అక్కడ కూడా ఒక మనవడు ఉండే ఉంటాడు. ఆ ఆలోచనకే అతనికి అన్నం సయించలేదు.

స్టూడియో అటక మీద ఒక రేకుపెట్టె ఉంది. తీయించుకుని ఎవరూ తీసుకెళ్ళని ఫోటోలన్నీ తాత అందులో దాచేవాడు. అతను అందులోంచి ఒకటి తీసి నానమ్మ ఫోటోల అడుగున పెట్టాడు. 'వీడెవడో నాకు తెలియదే' అని నానమ్మ ఒక అరగంట తికమక పడుతుందని, ఆ అరగంటా తనకు దక్కుతుందని అతని లెక్క.

నానమ్మ ఆ ఫోటో అందుకుంది. పొడుగు మీసాలాయన. ఆవిడ తడుముకోలేదు.

"ఈయన మా పెద్ద బావగారు. ఆ మీసం తీస్తేగానీ పెళ్ళికి ఒప్పుకోనంది పిల్ల. పిల్లనే వదులుకున్నాడు, మీసం వదల్లేదు. ఏడేళ్ళ తర్వాత ఆ పిల్లే వచ్చి చేసుకుంది."

అతను నానమ్మ మొహంలోకి చూశాడు. పుస్తకాల పిల్ల చకచకా రాసేసి తలెత్తింది. "మీరు ఈయన్ని చూశారా, సాక్షి గారూ?"

"చూశానండీ," అన్నాడు. "మీసం చూశాను. తర్వాత ఆయన్ని చూశాను."

ఆమె వెళ్ళాక నానమ్మ దగ్గర చేరాడు. "నానమ్మా, నీ మతి బాగానే ఉందా?"

"నాది బాగానే ఉంది. నీదే, ఆ పిల్ల భూతద్దం తీసినరోజు పోయింది," అంది నానమ్మ. "వచ్చేవారం రెండు పెట్టు. ఒక్కటయితే టీ చల్లారకముందే అయిపోతోంది."

ఇక చూడాలి. ఒకే గొడుగు కింద నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు నానమ్మకు వరసకు వదినలయ్యారు. సైకిల్ పక్కన నిలబడ్డ లావుపాటి మనిషి, ఆ సైకిలెక్కి తన పెళ్ళిలోంచే పారిపోయి, దారి తెలియక తిరిగి మండపానికే వచ్చిన మేనమామయ్యాడు. నానమ్మ చెప్పడం, పుస్తకాల పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం, అతను కిమ్మనకుండా సంతకం పెట్టడం. ఒక ఆదివారం ఆమె సిరాబుడ్డి ఒలికింది. ఇంకో ఆదివారం ఆ రెండు మెట్ల దగ్గర మళ్ళీ తూలి, ఈసారి గోడ పట్టుకోలేదు. అలా పదకొండు ఫోటోల్లోని ఊరూ పేరూ లేని మనుషులు ఆ ఇంటి చుట్టాలయ్యారు.

పదో ఆదివారం అతనికి ఆలస్యమైంది. రేకుపెట్టెలో చెయ్యి పెట్టి, చేతికందినది చూడకుండానే తెచ్చి పడేశాడు.

"వీళ్ళు మా చెల్లెలి కొడుకూ కోడలూనమ్మా," అంది నానమ్మ ఫోటో బల్ల మీద పెట్టి. "మధ్యలో వాళ్ళ పాప. ఆ మొగుడూ పెళ్ళాలు ఎంత అన్యోన్యంగా ఉండేవాళ్ళనుకున్నావు. ఒక్కనాడు మాటా మాటా అనుకుని ఎరగరు."

ఆమె కలం ఆగింది. భూతద్దం తీసింది. చాలాసేపు చూసింది. పెదవి వణికింది. అది ఏడుపుకో నవ్వుకో అతనికి తెలియలేదు.

"నిజమేనా, సాక్షి గారూ? మీరు చూశారా వీళ్ళని?"

"చూశానండీ. ఒక్కనాడు కూడా మాటా మాటా అనుకోలేదు."

"వీళ్ళు మా అమ్మా నాన్నా," అంది ఆమె.

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఇలాంటివి ఎన్ని?"

"పదకొండు."

"దీనితో పన్నెండు," అంది నానమ్మ. "ఇప్పుడైనా నిజం చెప్పరా."

అతను రేకుపెట్టె సంగతంతా చెప్పాడు. పుస్తకాల పిల్ల కలానికి మూత పెట్టింది. "నవ్వులాటకి చేశారేమో. మీ అబద్ధాలు నేను నా చేత్తో రాశాను. రేపు ఏ ఇంటికి వెళ్ళి, ఏ మొహంతో నిజం చెప్పమని అడగను?"

అతను ఫోటో తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు. ఆమె తీసుకోలేదు. "రసీదు ఉన్నవాళ్ళు వచ్చి తీసుకుంటారు. మీ తాతగారైనా పద్ధతిగల మనిషి," అని రెండు మెట్లెక్కి, మూడు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అప్పుడు చూశాడతను ఆ ఫోటో. చూసి, అంత దిగులులోనూ ఫక్కున నవ్వాడు.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. అతను పాస్‌పోర్ట్ ఫోటోకి వచ్చిన మనిషిని నవ్వమన్నాడు. నానమ్మ రెండు కప్పుల టీ పెట్టి ఒకటి పారబోసింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అంది.

"సగం నువ్వూ తొక్కావు కదా నానమ్మా."

"అందుకే చెప్తున్నాను. నీళ్ళు నువ్వు తోడు. కూర్చుని నిజం రాయి. నీకు తెలిసినంతే రాయి."

అతను కూర్చున్నాడు. పన్నెండు ఫోటోలకూ పన్నెండు పేజీలు రాశాడు.

మూడో ఆదివారం అరుగు దగ్గర మాటలు వినబడ్డాయి.

"చూశావా, ఎక్కాలని చెప్పానా?"

"ఆగండి. ఇప్పుడు దిగాలి, చూసుకోండి."

ముందు ఆమె నాన్న తూలాడు. ఆయన్ని పట్టుకోబోయి ఆమె అమ్మ తూలింది. వాళ్ళ వెనక పుస్తకాల పిల్ల, ఎవరినీ చూడకుండా గోడనే చూస్తూ నిలబడింది. నాన్న పర్సులోంచి నాలుగు మడతల రసీదు తీశాడు. మడతలు చిరిగి, అంచులు మెత్తబడి ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ మీ దగ్గరే ఉందా ఇది?" అంది అమ్మ.

"తప్పు నీదని తేలినరోజు చూపిద్దామని దాచాను."

అతను ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ ఒకేసారి వంగారు. ఫోటోలో నాన్న కళ్ళు విప్పార్చుకుని ఉన్నాడు. అమ్మ అంతకంటే విప్పార్చుకుని ఉంది. ఇద్దరి మధ్యా కూర్చున్న ఎనిమిది నెలల పాప మాత్రం, మొహం ముడుచుకుని, గట్టిగా కళ్ళు మూసుకుని, నోరు తెరిచి ఏడుస్తోంది.

పాతికేళ్ళ గొడవ ఒక్కసారిగా దిక్కులేనిదైపోయింది. ఇద్దరూ మెల్లగా కూతురి వైపు తిరిగారు. ఆమె తల దించుకుంది.

"తప్పు చేసినవాళ్ళే వెళ్ళి తెచ్చుకోవాలని కదా మన మాట," అన్నాడు నాన్న.

"అదేగా, పది వారాలు వచ్చింది," అంది అమ్మ. ఫోటో మీద చెయ్యి వేసి నిమిరి, కళ్ళు తుడుచుకుని, వెంటనే తేరుకుంది. "సమయానికి కళ్ళు మూసుకోవడం మాత్రం మీ వైపు పోలికే."

"ఆ నోరు ఎవరి వైపు పోలికో కూడా చూడు."

నానమ్మ ఇద్దరి చేతులూ పట్టుకుంది. "ఇంకో ఫోటో తీయించుకుందురు గానీ, లోపలికి రండి. బల్ల మీద కూర్చోండి. కళ్ళు ఆర్పకండి. మావాడు ఇప్పుడే వస్తాడు."

స్టూడియో ముందు గదిలో ఇద్దరే మిగిలారు. అతను కాగితాలు ఆమె ముందు పెట్టాడు. ఆమె నిలబడే చదివింది.

'మీసాలాయన. ఎవరో నాకు తెలియదు. ఈ ఫోటో నేను పెట్టాను. ఆ రోజు మూడే మిగిలాయి. మీరు గంటలో వెళ్ళిపోతారని భయమేసింది.'

'సైకిల్ పక్కన మనిషి. ఎవరో నాకు తెలియదు. ఆ రోజు మీరు నవ్వి నవ్వి నానమ్మ భుజం మీద తల పెట్టారు. నానమ్మ మీద నాకు అసూయ కలిగింది.'

'ఒకే గొడుగు కింద ఇద్దరు. ఎవరో నాకు తెలియదు. ఆ రోజు సిరాబుడ్డి ఒలికింది. ఒలకబోసింది మీరు కాదన్నారు. మీ చూపుడువేలు నీలంగా ఉంది.'

"ఇది తప్పు," అంది ఆమె. "నేను ఒలకబోయలేదు."

"భూతద్దం ఇవ్వమంటారా?"

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. కలం మూత తీసి, రెండో సాక్షి అన్నచోట సంతకం పెట్టింది. ఒక్కో పేజీ చదువుతూ, ఒక్కో పేజీకీ పెట్టింది. పన్నెండో పేజీ దగ్గర ఆగింది. అందులో మూడు ముక్కలే ఉన్నాయి.

'ఈ అమ్మాయి రాని రెండు ఆదివారాలు నాకు తెల్లవారలేదు. ఈమె అంటే నాకు ప్రేమ. ఇది నిజం.'

అతను గొంతు సవరించుకున్నాడు. "విన్నది చెల్లదు కదండీ. దీనికి రెండో సాక్షి దొరకడం కష్టం. కళ్ళారా చూసినవాళ్ళెవరూ..."

"గొడుగు గోడకి వేలాడుతుంటే కనబడలేదని చెప్పిన మనిషిని, ఆ వానరోజు నుంచీ చూస్తూనే ఉన్నాను," అని ఆమె సంతకం పెట్టింది. సంతకం కింద తేదీ కూడా వేసింది.

లోపలి నుంచి నాన్న గొంతు వినబడింది. "అబ్బాయ్, త్వరగా రా. ఇద్దరం కళ్ళు ఆర్పకుండా కూర్చున్నాం. నీళ్ళు కారుతున్నాయి."

"నాక్కాదు, ఆయనకే," అంది అమ్మ.