అర్ధచంద్రాసనంలో కుడికాలు

పన్నెండు మంది ఒంటికాలి మీద నిలబడ్డ గదిలో, చేరిన మొదటిరోజే దబ్బున పడ్డవాడు కళ్ళజోళ్ళ షాపతను. పడ్డవాడు ఊరికే పడలేదు, పక్కనున్న రిటైరైన నర్సమ్మను కూడా తోడు తీసుకుని మరీ పడ్డాడు.

"కుడికాలు లేపమన్నాను కదండీ!" అంది యోగా టీచరు.

"మీరు లేపింది ఎడమకాలు. నేను మిమ్మల్నే చూస్తున్నాను."

"నన్ను చూడకండి, చెప్పింది వినండి. ఎదురుగా నిలబడి చూపిస్తాను కాబట్టి నా ఎడమ మీకు కుడి. అద్దంలోలాగా."

"చూడొద్దంటే కష్టమే. ప్రయత్నిస్తాను."

"ఆ ప్రయత్నమేదో నాకు దూరంగా చెయ్యి నాయనా," అంది నర్సమ్మ నడుం పట్టుకుని.

అది అర్ధచంద్రాసనం. ఒక చెయ్యి నేలకు ఆన్చి, ఒక్క కాలి మీద నిలబడి, రెండో కాలు గాలిలో నేలకు సమంగా చాచాలి. అది పట్టుబడడానికి అతనికి నాలుగు నెలలు పట్టింది. టీచరు మీద మనసు పడడానికి మాత్రం నాలుగు రోజులు చాలాయి.

ఒకరోజు క్లాసయ్యాక, మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగేశాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అప్పటికి ఒక కాలికే చెప్పుంది.

ఆమె నవ్వలేకపోయింది. ఒకసారి పెళ్ళయి, రెండేళ్ళకే పెట్టె పట్టుకుని అక్క ఇంటికి తిరిగొచ్చిన మనిషి. ఆ సంగతి అతనికీ తెలుసు.

"రేపు ఐదింటికి చెప్తాను. పోస్టాఫీసు దాటగానే కుడిచేతి సందులో ఉంటాను. నేను రాకపోతే అదే జవాబు. ఫోన్ చేసి అడగకండి."

మర్నాడు వాన. ఆమె ఐదుకు ముందే వెళ్ళింది. ఔనని చెప్దామనే వెళ్ళింది. గొడుగు అంచు నుంచి కారే నీళ్ళు చూస్తూ ఏడున్నర దాకా నిలబడింది. అతను రాలేదు. ఆ తర్వాత క్లాసుకూ రాలేదు. ఒకసారి చెడిన కాపురం, ఎవరు మాత్రం వెనకాడరు అనుకుంది.

పదిరోజులు గడిచాయి. అతను చాప పరిచే చోటు ఖాళీగానే ఉంది. ఎవరూ అటు జరగలేదు.

"కుడికాలు," అంటూ ఆమె తన ఎడమకాలు లేపింది.

వెనక వరసలోంచి నర్సమ్మ అందుకుంది. "టీచరమ్మా, మందుల షాపు కుడిపక్కన అన్నారు మొన్న. తీరా చూస్తే ఎడమపక్కనుంది! మోకాళ్ళ నొప్పులతో వీధంతా కొలిచాను. ఎదురుగా మనిషి నిలబడితే చాలు, మీ నోట్లో కుడీ ఎడమా తిరగబడతాయి."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం కాలు గాలిలో ఉండగానే లెక్క వేసుకుంది. తను నిలబడింది పోస్టాఫీసు దాటాక ఎడమచేతి సందులో. అతనికి చెప్పింది కుడి.

ఆరేళ్ళలో మొదటిసారి టీచరు పడింది.

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"తగిలింది. ఇవాళ్టికి చాలు, ఇళ్ళకు వెళ్ళండి."

కళ్ళజోళ్ళ షాపులో అతను ఫ్రేములు తుడిచి అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. ఆమెను చూసి లేచాడు కానీ నవ్వలేదు.

"ఆరోజు మీరు ఎక్కడ నిలబడ్డారు?"

"మీరు చెప్పిన చోటే. కుడిచేతి సందు, పంక్చర్లు వేసేచోట. ఎనిమిదింటికి ఆ పంక్చరతను జాలిపడి, కూర్చోమని పాత టైరు వేశాడు."

"నేను ఎడమచేతి సందులో ఉన్నాను. తప్పు చెప్పాను."

మధ్యలో నలభై అడుగుల రోడ్డు, అంతే.

"ఒక్క ఫోన్ చెయ్యాల్సింది," అంది.

"వద్దన్నది మీరే కదండీ. మరి మీరు?"

సందు తప్పిందేమోనన్న అనుమానం పదిరోజుల్లో ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. తను అక్కర్లేదన్న మాట మాత్రం ఇద్దరూ ఇట్టే నమ్మేశారు.

"ఈ పెట్టెలేంటి?"

"వేరే ఊరి బ్రాంచికి వెళ్తున్నాను. రేపు పొద్దున్నే బస్సు. ఏడాదికి సంతకం పెట్టేశాను. ఆ సందు ముందు నుంచి రోజూ నడవలేకపోయాను."

బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె కొనేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుంది.

"నాకు భయం పోలేదు. మీరు వెళ్ళాక ఇంకా ఎక్కువవుతుంది. అయినా చెప్తున్నాను, ఔను."

అతను కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడవాల్సింది కళ్ళజోడు కాదని కాసేపటికి తెలిసింది.

"నెలకు రెండు ఆదివారాలు సెలవిస్తారు. వస్తాను."

"రాకపోతే ఈసారి నేనే ఫోన్ చేసి తిడతాను."

ఇంతలో ఆమె ఫోన్ మోగింది. అక్క.

"ఎక్కడున్నావే? క్లాసు ఎప్పుడో అయిపోయిందటగా, నర్సమ్మ చెప్పింది."

"వస్తున్నానక్కా." అతనివైపు చూసింది. "ఇద్దరం వస్తున్నాం."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు వినపడింది. ఆమె స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది.

"ఉన్న అన్నం చాలదు," అంది అక్క. "ఇంకో గ్లాసు బియ్యం పోస్తున్నాను. అతన్ని తడవకుండా తీసుకురా."