వియ్యమందిన వేళ్ళు

మాణిక్యాంబ పచ్చిమిరపకాయలు తరుగుతుండగా గోడ మాట్లాడింది.

"మాణిక్యాంబగారికి నమస్కారం. మీ రావిచెట్టు తూర్పువైపు మరికొంత వాలింది. పక్కింటి భానోజీగారి ఫిర్యాదు సబబైనదే. తుపాన్ల కాలం రాకముందే చెట్టును తొలగించాలని నిర్ణయమైంది."

మాట్లాడింది నేలపెద్ద. కాకినాడ అడుగున ఉన్న మట్టినీ, తడినీ, ప్రతి వేరునీ కనిపెట్టి ఉండే యంత్రబుద్ధికి జనం పెట్టుకున్న పేరది.

"ఆ నీడ లేపోతే నా పెసరట్ల బండి ఎక్కడ పెట్టుకోను నాయనా? ఈ ఎండల్లో పెనం కూడా అక్కర్లేదు, నా నెత్తిమీదే కాలతాది అట్టు!"

"మీ జీవనోపాధి గురించి విచారిస్తున్నాను" అంది నేలపెద్ద. విచారించడం కూడా నేర్పారు దానికి, ఏం లాభం!

ఎండలు ముదిరి నీడలేని వీధిలో మనుషులు నడవడం మానేసిన కాలం అది. ఇంటికో పెద్దచెట్టు ఉండి తీరాలని చట్టం చేశారు. చెట్టుకీ నీటివాటా ఇవ్వాలి కనుక దాన్నీ ఇంటి సభ్యుల్లో చేర్చారు. బాగానే ఉంది గానీ, చెట్టు ఊరుకుంటుందా? వేళ్ళు పునాదులు పగలగొట్టాయి, మురుగు గొట్టాల్లో దూరాయి, పక్కవాడి నీళ్ళతొట్టిలో మూతి పెట్టాయి. వీధులకు వీధులు కోర్టుకెక్కాయి. అప్పుడు వచ్చింది వేరుతెర. హద్దు వెంటా పునాది చుట్టూ నేలలోకి నిలువుగా దించే పల్చటి పొర అది. వేరుమొన తాకిందంటే సన్నగా విద్యుత్తు తగిలించి వెనక్కి తిప్పేస్తుంది. గోడలు నిలిచాయి, గొట్టాలు బాగుపడ్డాయి, తగాదాలు ఆగాయి. పోట్లాడుకోవడానికి ఏమీ మిగలకపోయేసరికి ఇరుగుపొరుగులు మాట్లాడుకోవడం కూడా మానేశారు.

ఆ వీధిలో తెరలన్నీ దించినవాడు భానోజీయే. ఆయన ఇంటి గోడకి ఒక్క పగులు లేదు. ఆ సంగతి అడక్కపోయినా చెబుతాడు.

మాణిక్యాంబ కత్తిపీట పక్కకి తోసి నేరుగా ఆయన గుమ్మంలోకి వెళ్ళింది.

"ఏవండీ భానోజీగారూ! నా చెట్టు వాలిందని ఫిర్యాదు పెట్టారంట. ఎందుకు వాలిందో కూడా చెప్పారా?"

"చెట్టన్నాక వాల్తాదండీ. రేపది నా ఇంటిమీద పడితే?"

"మీ తెర వల్లండీ! మీవైపు ఒక్క వేరు పోనివ్వరు. ఒంటికాలిమీద ఎంతకాలమని నిలబడతాది?"

భానోజీ తలపాగా సర్దుకున్నాడు. నిజం. పోయిన తుపానుకి పక్కపేటలో ఆయనే తెరలు దించిన చెట్లు మట్టిగడ్డలతో సహా లేచి పడ్డాయి. తన పనితనానికి తగిలిన ఆ దెబ్బ ఆయన ఎవరితోనూ అనలేదు. భార్య నూకరత్నానికి మాత్రం తెలుసు.

"మాట మింగుతారేటండీ, చెప్పండి" అంది ఆవిడ.

"హద్దుతెర ఒక్కటీ ఎత్తేస్తే చాలు" అన్నాడు భానోజీ నేలకేసి చూస్తూ. "పునాదుల చుట్టూ ఉన్నది ఉండనిచ్చి, మధ్యది తీసేస్తే ఆవిడ రావీ మన వేపా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అప్పుడు గాలికి ఆగుతాయి. కానీ నేలపెద్ద ఒప్పుకోవాలి కదా."

నేలపెద్ద ఒప్పుకోలేదు. "హద్దుతెర ఎత్తడం బంధువుల మధ్యనే కుదురుతుంది. పరాయివారి మధ్య ఎత్తితే పాత తగాదాలు మళ్ళీ మొదలవుతాయి. మీ రెండిళ్ళకూ రక్తసంబంధం లేదు, వియ్యమూ లేదు."

"వియ్యమైనా పర్లేదా?" అంది నూకరత్నం.

"పర్వాలేదు. మీ ఇంటి సభ్యులకూ వారి ఇంటి సభ్యులకూ వివాహం జరిగితే చాలు."

"మా వేప మా ఇంటి సభ్యురాలేనా?"

"అవును. నీటివాటా పొందుతున్న సభ్యురాలు."

"వీళ్ళ రావి?"

నేలపెద్ద నియమాలన్నీ ఒకటికి రెండుసార్లు తిరగేసింది. అంత పెద్ద యంత్రబుద్ధి ఒక ఇల్లాలి ముందు తడబడటం ఆ వీధికి కొత్త. చివరికి అంది: "రావికీ వేపకూ పెళ్ళి చేయడం ఈ ప్రాంతంలో పూర్వాచారమే. కాదనడానికి నాకు నియమం ఏదీ దొరకడం లేదు."

"వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్ళి చెయ్యమన్నారు. మనకి ఒక్క అబద్ధం కూడా అక్కర్లేదు!" అని నూకరత్నం చేతులు చరిచింది.

"అంటే మనం ఆడపెళ్ళివారమా?" భానోజీ ముఖం మాడిపోయింది. "నేనిప్పుడు కాళ్ళు కడగాలా?"

"అల్లుడివేగా! చెట్టు మొదట్లో చెంబుడు నీళ్ళు పొయ్యండి, మీ సొమ్మేం పోద్ది?" అంది నూకరత్నం.

వైశాఖంలో పెళ్ళయింది. వేపకి పసుపుతాడు కట్టారు, రెండు మానులకీ జీలకర్రా బెల్లం అద్దారు. సన్నాయి వినబడగానే వీధంతా బయటికొచ్చింది. ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఉన్నవాళ్ళు "మీ పేరేంటండీ" అని ఒకరినొకరు అడగడం చూస్తే నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. మర్నాడు హద్దుతెరను భానోజీ తన చేతులతోనే పైకి లాగాడు. నేలపెద్ద ముందే ఆ మేర విద్యుత్తు ఆపేసి, తర్వాత అక్కడ నేల తడిపి వేళ్ళను మధ్యకి పిలిచింది.

అప్పటినుంచీ భానోజీకి అదే లోకం. మట్టి లోపలి సంగతి చూపించే వేరుదర్పణం ముందు కూర్చుని గోడమీదుగా కేకలేసేవాడు. "చెల్లెమ్మగారూ, మీవాడు మా గడప తొక్కేశాడండోయ్!" వియ్యపురాలిని చెల్లెమ్మా అనాలి కదా మరి. "మర్యాదలు సరిగ్గా చెయ్యండన్నయ్యగారూ, లేపోతే అలిగి వచ్చేత్తాడు!" అనేది మాణిక్యాంబ. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఎదురుపడకూడదని ఆ నెల్లాళ్ళూ ఆవిడ వేపచెట్టు ఛాయలకే వెళ్ళలేదు.

కార్తీకంలో తుపాను వచ్చింది. పట్టపగలే చీకటి కమ్మింది. ఆశ్రయ భవనానికి వెళ్ళండని నేలపెద్ద చెబుతూనే ఉంది. నా తెరే ఎత్తాను, ఫలితం నేనే చూస్తానని భానోజీ కదలలేదు. ఆయన్ని వదిలి నూకరత్నం కదలలేదు. ఇంతలో వానలో తడుస్తూ మాణిక్యాంబ వచ్చి, రావి పడితే సరిగ్గా ఏ గదిమీద పడుతుందో ఆ గదిలోనే చతికిలబడింది.

"అయ్‌బాబోయ్, మీకేమైనా పిచ్చా చెల్లెమ్మా!"

"మావాడు పడితే మీమీద పడి, నేను గట్టుమీద నిలబడి చూడాలా అన్నయ్యా? పడితే నామీదా పడనీండి."

భానోజీ ఆవిడకి పొడి తువ్వాలు అందించాడు. ముగ్గురూ వేరుదర్పణంలోకే చూస్తూ కూర్చున్నారు. గాలి విసిరినప్పుడల్లా రావివేళ్ళు బిగిసేవి. వెంటనే వేపవేళ్ళు ఎదురు బిగిసేవి. వీధిలో ఒక్కొక్క చెట్టే ఫెళ్ళున కూలుతున్న చప్పుడు. ఒక పెద్ద ఊపుకి రావి మూలిగింది, ఇల్లంతా కదిలింది. మాణిక్యాంబ నూకరత్నం చెయ్యి గట్టిగా పట్టుకుంది. దర్పణంలో రెండు చెట్ల వేళ్ళూ తెగేటంతగా సాగి, అక్కడే నిలిచిపోయాయి.

"పట్టింది! పట్టేసింది!" భానోజీ చిన్నపిల్లాడిలా గెంతాడు.

మర్నాడు పొద్దున్న ఆ వీధిలో నిలబడి ఉన్నవి రెండే చెట్లు. ఆకు రాలిపోయినా కొమ్మ విరగలేదు. మాణిక్యాంబ రావికింద పొయ్యి వెలిగించింది. వీధి వీధంతా అక్కడే పోగైంది. ఎదురింటి దానియేలు తలగోక్కుంటూ వచ్చాడు. "మా నేరేడు పోయిందండీ. కొత్తది పాతుతాం. ఈసారి తెర లేకుండా, మీరే ఓ మంచి సంబంధం చూడాలి."

"మా కానుగక్కూడానండీ!" అన్నారు ఇంకెవరో. జనం గొల్లున నవ్వారు.

అప్పుడు నేలపెద్ద గొంతు వినిపించింది. "మంచినీళ్ళ బండి వచ్చింది. కుటుంబానికి ఒకరు వచ్చి తీసుకోవాలి. భానోజీగారిల్లూ మాణిక్యాంబగారిల్లూ నా లెక్కలో ఇప్పుడు ఒక్కటే కుటుంబం. విడదీయడం నాకు సాధ్యం కావడం లేదు. ఈ కుటుంబానికి పెద్ద ఎవరు?"

అందరూ భానోజీకేసి చూశారు. ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"మా చెల్లెమ్మండి. మాణిక్యాంబ" అన్నాడు.

ఎవరూ లేని మనిషి ఆవిడ. నవ్వబోయి భోరున ఏడ్చేసింది. ఏడుస్తూనే మొదటి అట్టు తీసి భానోజీ ప్లేటులో వేసింది.

"మగపెళ్ళివారు ముందు తినాలి కదండీ" అన్నాడాయన.

"తినన్నయ్యా, ఆరిపోద్ది."